భానుమతి మాట ఎందుకు చెల్లింది?

భానుమతి ప్రస్తావన వస్తే తెలుగువాళ్ళు ముందుగా చెప్పుకునేది ఆమె నటించని సినిమా గురించి. విజయా సంస్థ 'మిస్సమ్మ' తలపెట్టినప్పుడు కథానాయిక ఆమే. కొంత చిత్రీకరణ కూడా జరిగింది. వరలక్ష్మీ వ్రతం రోజున ఆమె సెట్టుకు ఆలస్యంగా వచ్చారనీ, నిర్మాత చక్రపాణి క్షమాపణ రాసిమ్మన్నారనీ, ఆమె ససేమిరా అన్నారనీ, ఆ కోపంలో ఆయన తీసిన రీళ్ళను తగలబెట్టించారనీ సినీరంగంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పేవారిని బట్టి వివరాలు మారతాయి కానీ ఫలితం మారదు. భానుమతి తప్పుకున్నారు. రెండో నాయికగా అనుకున్న సావిత్రికి మిస్సమ్మ పాత్ర దక్కింది, సావిత్రి వదిలిన పాత్ర జమునకు వెళ్ళింది. 1955 సంక్రాంతికి వచ్చిన ఆ సినిమా సావిత్రి స్థాయినే మార్చేసింది.

ఈ కథ విన్నవారు రెండు తీర్పుల్లో ఏదో ఒకటి ఇస్తారు. కొందరికి అది ఆత్మాభిమానం, కొందరికి అది పొగరు. రెండు తీర్పులూ ఆమె స్వభావం దగ్గరే ఆగిపోతాయి. స్వభావం ఒక్కటే అయితే ఆ కాలంలో అభిమానం ఉన్న నటీమణులు ఎంతమంది లేరు? వాళ్ళలో చాలామంది మాట పడ్డారు, సర్దుకున్నారు, లేదంటే తెరమరుగయ్యారు. దక్షిణాదిలోకెల్లా బలమైన నిర్మాణ సంస్థతో తెగతెంపులు చేసుకున్న భానుమతికి మాత్రం ఆ తర్వాతి ఏడాది గానీ, ఆపై ఏడాది గానీ పని తగ్గలేదు. పైగా 1954 నుంచి 1956 వరకు ఆమె జీవితంలోనే అత్యంత తీరిక లేని కాలం. కోపం అందరికీ వస్తుంది. ఆ కోపానికి మూల్యం చెల్లించనవసరం లేని పరిస్థితి ఆమెకు ఎలా ఏర్పడింది అన్నదే నిజమైన ప్రశ్న. దానికి జవాబు ఆమె గొంతులో, ఆమె సంస్థ లెక్కల్లో, రెండు భాషల మార్కెట్టులో ఉందని నా నమ్మకం.

షరతులతో మొదలైన ప్రయాణం

భానుమతి 1925లో ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో పుట్టారు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య సంగీతం తెలిసిన మనిషి, కూతురికి మొదటి గురువు కూడా ఆయనే. ఆ రోజుల్లో పరువుగల కుటుంబాలు ఆడపిల్లను సినిమాకు పంపడమంటే నలుగురి నోళ్ళలో పడటమే. ఆయన పంపారు, అయితే షరతులు పెట్టి పంపారు. మగ నటులు తన కూతుర్ని ముట్టుకునే సన్నివేశాలు ఉండకూడదన్నది వాటిలో ఒకటని చెబుతారు. పద్నాలుగేళ్ళు నిండీ నిండని పిల్లకు, పని ఒప్పుకునే ముందే ఇది చేస్తాను, ఇది చేయను అని చెప్పవచ్చని ఇంట్లోనే తెలిసింది. తర్వాత ఆమె పెట్టిన షరతులు వేరు, వాటిని పెట్టడం మాత్రం అక్కడే అలవాటయింది.

తొలి చిత్రం సి.పుల్లయ్య దర్శకత్వంలో కలకత్తాలో తీసిన 'వరవిక్రయం' (1939). కాళ్ళకూరి నారాయణరావు నాటకానికి తెరరూపం. కట్నం ఇచ్చి తనకు పెళ్ళి చేయడం భరించలేక ప్రాణం తీసుకునే కాళింది ఆమె పాత్ర. అందులో త్యాగరాజ కీర్తన 'పలుకవేమి నా దైవమా' పాడారు. ఆ కాలానికి పాడటం అదనపు అర్హత కాదు. పాడలేనివారికి ప్రధాన పాత్రే దక్కేది కాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

'మాలతీమాధవం', 'ధర్మపత్ని', 'భక్తిమాల' తర్వాత 'కృష్ణప్రేమ' (1943) దగ్గర కథ మలుపు తిరిగింది. ఆ చిత్రానికి సహాయ దర్శకుడుగా పనిచేస్తున్న పి.ఎస్.రామకృష్ణారావును ఆమె ఇష్టపడ్డారు. తండ్రికి ఇష్టం లేదు. 1943 ఆగస్టులో పెళ్ళి జరిగిపోయింది. పెళ్ళయ్యాక సినిమాలు మానేసి ఇల్లు చూసుకోవాలన్నది ఆమె నిర్ణయం. ఆ నిర్ణయాన్ని దర్శకుడు బి.ఎన్.రెడ్డి కదిలించారు.

'స్వర్గసీమ' (1945) చూస్తే ఆయన ఎందుకంత పట్టుబట్టారో తెలుస్తుంది. వీధుల్లో ఆడిపాడుకునే సుబ్బి, పట్నంలో పేరున్న రంగస్థల తార సుజాతాదేవిగా మారి, పెళ్ళైన ఒక పెద్దమనిషి సంసారంలో నిప్పు పెడుతుంది. నాగయ్య వంటి మహానటుడు ఎదురుగా ఉన్నా చూపు ఆమె మీదినుంచి కదలదు. 'ఓహోహో పావురమా' అంటూ ఆమె తీసిన రాగం అప్పటి తెలుగు ప్రేక్షకులకు పూర్తిగా కొత్త. హాలీవుడ్ చిత్రం 'బ్లడ్ అండ్ శాండ్'లో రీటా హేవర్త్ మీద తీసిన పాట దానికి స్ఫూర్తి. దాన్ని తెలుగు చేసి నిలబెట్టినవారు బాలాంత్రపు రజనీకాంతరావు. శాస్త్రీయ సంగీతంలో పెరిగిన గొంతు ఆ పాశ్చాత్య వరసలో ఎక్కడా తడబడదు. కొంచెం ముక్కుతో పలికే ఆ తీరు, స్వరం చివర చిన్న విరుపు, మాటకూ పాటకూ మధ్య ఊగే ఆ లయ కలిసి 'భానుమతి బాణీ' అని జనం పిలుచుకునే శైలి ఈ సినిమాతోనే స్థిరపడింది.

గొంతు అద్దెకు దొరికే కాలంలో

టాకీలు వచ్చిన కొత్తలో పాటను సెట్టులోనే, కెమెరా తిరుగుతుండగానే పాడేవారు. వాద్యబృందం కెమెరా చూపుకు అందని చోట కూర్చునేది. తర్వాత పాటను ముందే రికార్డు చేసి, దానికి పెదవులు కలిపే పద్ధతి వచ్చింది. ఒకసారి గొంతూ ముఖమూ విడివిడిగా నమోదవుతున్నాయంటే ఆ రెండూ ఒకే మనిషివి కానవసరం లేదు. 1940ల చివరికల్లా ఘంటసాల, పి.లీల, జిక్కి వంటివారు నేపథ్యగానాన్ని వృత్తిగా నిలబెట్టారు. దీనివల్ల కళకు జరిగిన మేలు చాలా పెద్దది. నటన తెలిసి పాట రాని గొప్పవాళ్ళు తెరమీదికి రాగలిగారు, పాట తెలిసి నటన రానివారు గాయకులుగా బతకగలిగారు.

అయితే ఈ మార్పు నటీనటుల బేరసారాలను కూడా మార్చింది. పాట మరొకరు పాడుతున్నప్పుడు ఆ ముఖం బదులు ఇంకో ముఖం పెట్టడం నిర్మాతకు తేలిక. పాట ముందే ఉంటుంది, పెదవులు కలపగల నటి దొరికితే చాలు. ముఖ్యంగా కథానాయికల విషయంలో ఇది నిజమైంది. నాయకుడి పేరుమీద సినిమా అమ్ముడుపోతున్న కాలం మొదలవుతోంది, నాయిక ఎవరైనా ఫరవాలేదన్న ధోరణి మెల్లగా బలపడుతోంది.

సరిగ్గా ఆ సమయంలో తెలుగు, తమిళ చిత్రాల్లో తన పాత్రకు ఇంకొకరి గొంతు వద్దని భానుమతి పట్టుబట్టి కూర్చున్నారు. ఫలితం గమనించండి. 'లైలామజ్ను' (1949)లో అక్కినేనికి ఘంటసాల పాడారు, లైలాకు పాడింది లైలాయే. 'మల్లీశ్వరి' (1951)లో రామారావుకు ఘంటసాల గొంతు, మల్లికి మల్లిదే. 'విప్రనారాయణ' (1954)లో అక్కినేనికి ఎ.ఎం.రాజా, దేవదేవికి భానుమతి. ఒకే చిత్రంలో నాయకుడిది అరువు గొంతు, నాయికది సొంత గొంతు. అలాంటి నటిని తీసేయాలంటే ముఖంతోపాటు పాటలన్నీ పోతాయి. సంగీత దర్శకుడు ఆమె శ్రుతికి వరస కట్టాలి, సాధన ఆమెతోనే జరగాలి. సినిమాలో ఆమె వాటా సగం కాదు, అంతకు మించినది.

'మిస్సమ్మ'నే ఈ కోణంలో చూడండి. భానుమతి ఉండి ఉంటే ఆ పాటలు ఆమె గొంతులో ఉండేవి. ఆమె వెళ్ళాక సావిత్రికి పి.లీల పాడారు, ఆ పాటలు ఎంత మధురమో చెప్పనక్కరలేదు. సాలూరి రాజేశ్వరరావు వరసలు, లీల గొంతు, సావిత్రి ముఖం కలిసి అద్భుతం చేశాయి. నేపథ్యగానం అన్న ఏర్పాటు లేకపోతే ఆ మార్పిడి అంత నునుపుగా జరిగేది కాదు. ఆ ఏర్పాటు వల్ల నిర్మాతకు ఎంత స్వేచ్ఛ వచ్చిందో చక్రపాణి చూపించారు. దానికి లొంగకుండా ఉంటే నటికి ఎంత స్వేచ్ఛ ఉంటుందో భానుమతి చూపించారు.

ఆమె పాత్రల ఎంపికలో కూడా ఇది కనిపిస్తుంది. సుబ్బి, దేవదేవి, చింతామణి, 'అంతస్తులు' (1965)లో 'దులపర బుల్లోడో' అంటూ ఆడిపాడే మనిషి. వీళ్ళందరూ పాటతో బతికే ఆడవాళ్ళు. వీధి గాయని కావచ్చు, దేవదాసి కావచ్చు, వేశ్య కావచ్చు. ఏదో ఒక కళ చేతిలో ఉన్న స్త్రీలు కాబట్టి, వాళ్ళు ఎవరి కూతురు, ఎవరి భార్య అన్నదాన్ని బట్టి కథ నడవదు. నాయకుడి కోసం ఎదురుచూస్తూ కిటికీ దగ్గర నిలబడే పాత్రలు ఆమె చిత్రాల్లో తక్కువ. మల్లీశ్వరి ఎదురుచూస్తుంది, నిజమే. కానీ బుచ్చిబాబు నాటికనుంచి దేవులపల్లి కృష్ణశాస్త్రి మాటలదాకా ఎందరో కలిసి తీర్చిదిద్దిన ఆ చిత్రంలో కూడా రాయలవారి అంతఃపురం పల్లకీ పంపేది మల్లి పాట, ఆట విన్నాకే. ఇక్కడొకటి చెప్పాలి. 'మల్లీశ్వరి' నాటికి రామారావు తెరకు వచ్చి రెండేళ్ళు, భానుమతి వచ్చి పన్నెండేళ్ళు. ఆ చిత్రంలో పెద్ద తార ఆమే. తర్వాతి తరాలకు ఆ క్రమం తలకిందులుగా గుర్తుండిపోయింది.

భరణీ లెక్క

గొంతు ఒక బలం, సొంత సంస్థ రెండో బలం. భానుమతి, రామకృష్ణ దంపతులు కొడుకు భరణి పేరుమీద భరణీ పిక్చర్స్ స్థాపించి 1948లో 'రత్నమాల' తీశారు. అప్పటికి ఆమెకు ఇరవై రెండుమూడేళ్ళే. తర్వాత 'లైలామజ్ను', 'ప్రేమ', 'చండీరాణి', 'చక్రపాణి', 'విప్రనారాయణ', 'చింతామణి', 'వరుడు కావాలి', 'బాటసారి' వరసగా వచ్చాయి. మద్రాసు సాలిగ్రామంలో భరణీ స్టూడియో వెలిసింది.

ఒక నటి సొంతంగా సినిమా తీస్తే మారేది ఏమిటి? చిత్ర నిర్మాణంలో పెద్ద ఖర్చు తారల పారితోషికం. నాయికే యజమాని అయితే ఆ డబ్బు ఇంటినుంచి బయటికి పోదు, పెట్టుబడిలో భాగమైపోతుంది. పంపిణీదారులు తార పేరు చూసి ముందుగా సొమ్ము ఇస్తారు కాబట్టి ఆమె పేరే పూచీకత్తు. దర్శకుడు భర్తే కాబట్టి అక్కడా ఖర్చు కలిసివస్తుంది. స్టూడియో కూడా సొంతమైతే ఇతరులు ఫ్లోరు అద్దెకు తీసుకున్నప్పుడల్లా రాబడి ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, బయటి నిర్మాత ఇచ్చే వేషం కోసం కాచుకుని కూర్చోవలసిన అవసరం ఉండదు. 'మిస్సమ్మ' పోయిన కాలంలోనే తన సంస్థలో 'చక్రపాణి', 'విప్రనారాయణ' తయారయ్యాయి.

భార్యాభర్తల ఈ పద్ధతి భానుమతి ఒక్కరిదే కాదు. కన్నాంబ, కడారు నాగభూషణం కలిసి రాజరాజేశ్వరి సంస్థ నడిపారు. అంజలీదేవి, సంగీత దర్శకుడు ఆదినారాయణరావు అంజలీ పిక్చర్స్ మీద 'అనార్కలి', 'సువర్ణసుందరి' తీశారు. మీర్జాపురం రాజాను పెళ్ళాడిన కృష్ణవేణి 1949లో 'మనదేశం' నిర్మించి నందమూరి తారక రామారావును తెరకు పరిచయం చేశారు. మన సినిమా చరిత్రను నాయకుల వరసగా చెప్పుకునే అలవాటువల్ల, ఆ తరంలో ఇంతమంది స్త్రీలు నిర్మాతలుగా ఉన్నారన్న సంగతి మరుగునపడింది. నిజానికి తర్వాతి దశాబ్దాల కంటే అప్పుడే కథానాయికల చేతిలో నిర్మాణ సంస్థలు ఎక్కువగా ఉన్నాయేమో అనిపిస్తుంది.

వీళ్ళందరిలో భానుమతి ప్రత్యేకత ఏమిటంటే, నిర్మాతగా పేరు వేసుకుని ఊరుకోలేదు. 'చండీరాణి' (1953)కి కథ ఆమెదే, దర్శకత్వం ఆమెదే, ద్విపాత్రాభినయం కూడా ఆమెదే. తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో ఏకకాలంలో తీశారు. తెలుగులో తొలి మహిళా దర్శకురాలన్న ఖ్యాతి ఈ చిత్రంతోనే దక్కింది. ఒక్కో షాటునూ మూడు భాషల్లో తీస్తూ, కెమెరా ముందు రెండు పాత్రలు చేస్తూ, కెమెరా వెనక్కి వచ్చి నిర్ణయాలు చేయడమంటే ఏమిటో సినిమా సెట్టు చూసినవారికి అర్థమవుతుంది. మధ్యలో సంగీత దర్శకుడు సి.ఆర్.సుబ్బరామన్ 1952లో చిన్న వయసులోనే కన్నుమూశారు. మిగిలిన పని ఎం.ఎస్.విశ్వనాథన్ పూర్తిచేశారు.

ఆ తర్వాత ఏడాది వచ్చిన 'చక్రపాణి'కి సంగీతం భానుమతిదే. ముదిమనవడికి ఆస్తి రాస్తానన్న పిసినారి తాతను నమ్మించడానికి అరువు పిల్లాణ్ణి తెచ్చుకున్న మనవరాలి కథ అది. తాతగా నటుడు సి.ఎస్.ఆర్. విజృంభిస్తారు. నవ్వించే సన్నివేశంలో భానుమతి ఎంత తేలిగ్గా ఒదుగుతారో ఇందులో చూడవచ్చు. గంభీరమైన పాత్రల నీడలో ఆమె హాస్యం గురించి తక్కువ మాట్లాడుకున్నాం.

ఇంత చెప్పాక ఒక అసౌకర్యమైన సంగతి కూడా చెప్పాలి. 'చండీరాణి' తర్వాత చాలా ఏళ్ళపాటు భరణీ చిత్రాలకు దర్శకుడుగా రామకృష్ణారావు పేరే ఉంది. తెలుగులో ఆమె మళ్ళీ దర్శకత్వం చేపట్టి గట్టిగా నిలబడినది 1972లో 'అంతా మన మంచికే'తో. అంటే దాదాపు రెండు దశాబ్దాల ఎడం. తొలి మహిళా దర్శకురాలని ఘనంగా చెప్పుకునే మనం ఆ ఎడం గురించి అడగం. సొంత సంస్థ, సొంత స్టూడియో, భర్త తోడ్పాటు ఉన్న మనిషి విషయంలోనే ఇంత ఎడం వచ్చిందంటే, అవేవీ లేని స్త్రీలకు ఆ కుర్చీ ఎంత దూరమో ఊహించవచ్చు. భానుమతి బలాన్ని ఒప్పుకుంటూనే, ఆ బలానికి భర్త అనే ఆసరా కూడా ఉందని ఒప్పుకోవాలి. ఆయన సాంకేతిక నిపుణుడు కావడం, భార్య పేరు ముందు తన పేరు వెనకబడినా ఇబ్బంది పడకపోవడం ఆ సంస్థను నిలబెట్టాయి.

తమిళ తెర మీద

మూడో బలం తమిళనాడు. 1954 సంవత్సరానికి ఇచ్చిన జాతీయ పురస్కారాల్లో తెలుగు నుంచి 'విప్రనారాయణ', తమిళం నుంచి 'మలైక్కళ్ళన్' గుర్తింపు పొందాయి. రెండింటిలోనూ కథానాయిక భానుమతి. 'మలైక్కళ్ళన్'లో ఎం.జి.రామచంద్రన్ నాయకుడు, అదే కథ తెలుగులో రామారావుతో 'అగ్గిరాముడు' అయింది, అక్కడా ఆమే. 1956లో సేలం మోడరన్ థియేటర్స్ వారి 'అలీబాబావుం 40 తిరుడర్గళుం' తమిళ తెరకు పూర్తి రంగులు తెచ్చింది. అందులో మర్జియానాగా ఆడిపాడిన నటి ఆమే. అదే ఏడాది 'మదురై వీరన్', 'రంగూన్ రాధా' వచ్చాయి. 'రంగూన్ రాధా' కథ రచయిత, రాజకీయ నాయకుడు అన్నాదురైది. నటనకు వ్యాకరణం అన్న అర్థంలో 'నడిప్పుక్కు ఇలక్కణం' అని ఆమెను కొనియాడినవారు కూడా ఆయనే.

రెండు భాషల్లో సమానమైన గిరాకీ ఉన్న నటికి ఒక చోట తలుపు మూసుకుంటే రెండో చోట తెరిచే ఉంటుంది. అయితే తమిళంలో కూడా ఒక 'మిస్సమ్మ' జరిగింది. ఎం.జి.ఆర్. స్వయంగా నిర్మించి దర్శకత్వం వహించిన 'నాడోడి మన్నన్' (1958) సగంలో అభిప్రాయభేదాలు వచ్చి ఆమె తప్పుకున్నారు. అప్పటికి తీసినదాన్ని పారేయలేని ఎం.జి.ఆర్. కథ మార్చారు. భానుమతి పాత్ర చనిపోతుంది, రెండో సగంలో సరోజాదేవి వస్తారు. చక్రపాణి రీళ్ళు తగలబెట్టించారంటారు, ఎం.జి.ఆర్. పాత్రనే చంపేశారు. కానీ ఆమె పాడిన 'సమ్మతమా' పాట ఆ చిత్రంలోనే ఉండిపోయింది, ఇప్పటికీ తమిళులు పాడుకుంటున్నారు.

ఇక సావిత్రితో పోలిక. మన దగ్గర ఈ పోలిక ఎప్పుడూ నీతికథగా మారుతుంది. భానుమతి జాగ్రత్తపరురాలు, సావిత్రి అమాయకురాలు అని తేల్చేస్తారు. నాకది అన్యాయంగా తోస్తుంది. సావిత్రి కూడా దర్శకత్వం వహించారు. 'చిన్నారి పాపలు' (1968)లో పి.లీల సంగీతంతో సహా ముఖ్యమైన శాఖలను స్త్రీలకే అప్పగించిన సాహసం ఆమెది. 'మూగమనసులు' కథతో తమిళంలో తీసిన 'ప్రాప్తం' (1971) ఆమెను ఆర్థికంగా దెబ్బతీసింది. ఇద్దరి మధ్య తేడా తెలివితేటల్లో లేదు, సమయంలో ఉంది. భానుమతి సంస్థ పెట్టినది నిర్మాణవ్యయం తక్కువగా ఉన్న 1940లలో, తన పేరు పైకి ఎదుగుతున్నప్పుడు. సావిత్రి నిర్మాణంలోకి దిగినది 1960ల చివర, ఖర్చులు పెరిగి, నాయకుల పారితోషికాలు పెరిగి, కథానాయికగా తన అవకాశాలు తగ్గుతున్నప్పుడు. పక్కన ఎడిటింగు, దర్శకత్వం తెలిసిన భాగస్వామి కూడా లేరు. ఒకే రంగం, ఒకే ధైర్యం, ఇరవై ఏళ్ళ తేడా. దానికి మనం స్వభావమని పేరు పెట్టుకున్నాం.

వయసు మీద పడ్డాక

నలభై దాటిన కథానాయికకు మన తెర మీద మిగిలేది నాయకుడి తల్లి పాత్ర, కన్నీళ్ళు, నాలుగు సన్నివేశాలు. భానుమతి ఆ దారిలో వెళ్ళలేదు. 'బొబ్బిలి యుద్ధం' (1964)లో మల్లమ్మదేవి, 'పల్నాటి యుద్ధం' (1966)లో నాయకురాలు నాగమ్మ. నాగమ్మ పాత్రలో ఆమెను చూస్తే, సభలో మగవాళ్ళ మధ్య కూర్చుని రాజ్యం నడిపే స్త్రీ ఎలా ఉంటుందో నటించి చూపించవలసిన అవసరం ఆమెకు లేదనిపిస్తుంది. స్టూడియోలో రోజూ చేసే పనే అది.

1974లో రామారావు దర్శకత్వం వహించిన 'తాతమ్మ కల'లో తాతమ్మ ఆమే, బాలకృష్ణకు తొలి చిత్రం అదే. పదేళ్ళ తర్వాత కోడి రామకృష్ణ 'మంగమ్మగారి మనవడు' (1984) తీశారు. భారతీరాజా తమిళ చిత్రం 'మణ్ వాసనై' దానికి మాతృక. తెలుగులో సినిమా పేరే బామ్మ పేరుమీద పెట్టారు. బాలకృష్ణ వంటి యువ నాయకుడు ఉన్న చిత్రానికి పోస్టరు మీద ముందు కనిపించే పేరు మంగమ్మగారిది. 'శ్రీ సూర్యనారాయణా మేలుకో' పాటలో వాణీ జయరాంతో పాటు వినిపించేది ఆమె సొంత గొంతే. 1939లో మొదలైన నియమం 1984లోనూ అలాగే ఉంది.

1982లో పిల్లలతోనే అన్ని పాత్రలూ వేయించి 'భక్త ధ్రువ మార్కండేయ' తీశారు. మద్రాసులో ప్రభుత్వ సంగీత కళాశాలకు అధిపతిగా పనిచేశారు. 1966లో పద్మశ్రీ, తర్వాత పద్మభూషణ్, రాష్ట్రం నుంచి రఘుపతి వెంకయ్య పురస్కారం వచ్చాయి. 2005 డిసెంబరు 24న చెన్నైలో కన్నుమూశారు.

ఆమె రచన గురించి మాత్రం తొందరగా దాటిపోలేను. 'అత్తగారి కథలు' తారల తీరికవేళ రాతలు కావు. మడీ ఆచారం, గద్దింపు, లోకం తెలియని అమాయకత్వం అన్నీ కలిసిన ఒక అత్తగారు, ఆమెను కోడలు గమనించే తీరు. ఎక్కడా అత్తను దుష్టురాలిగా చూపలేదు. నవ్విస్తూనే ఆ మనిషిమీద మనకు ప్రేమ పుట్టిస్తారు. వంటింటి సంభాషణ నడిపిన పద్ధతి, వాక్యం విరిచే చోటు చూస్తే ఇది సన్నివేశం రాయడం తెలిసిన చెయ్యి అని తెలిసిపోతుంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ఆ పుస్తకానికి పురస్కారం ఇచ్చింది. 'నాలో నేను' పేరుతో రాసిన ఆత్మకథకూ జాతీయ గుర్తింపు వచ్చింది. తన కథను పత్రికలు ఎలా రాస్తాయో చూసిన మనిషి, దాన్ని కూడా తనే రాసుకున్నారు. తెలుగు హాస్యరచన గురించి మాట్లాడే సభల్లో ఆమె పేరు నటి కాబట్టి గౌరవంగా తలుచుకునే పేరుగా కాకుండా, రచయిత్రిగా రావాలి. ఆ స్థానం ఇంకా ఆమెకు పూర్తిగా దక్కలేదు.

ఆమెను కొత్తగా చూడదలచుకున్నవారు అందరూ చెప్పే 'మల్లీశ్వరి'తో కాకుండా 'స్వర్గసీమ'తో మొదలుపెట్టండి. సుబ్బి సుజాతాదేవిగా మారే క్రమంలో నడక, మాట, చూపు ఎలా మారుతాయో గమనించండి. ఆ తర్వాత 'చక్రపాణి', ఆ తర్వాత 'విప్రనారాయణ'. 'మల్లీశ్వరి'ని ఈ మూడూ అయ్యాక చూస్తే, కృష్ణశాస్త్రి మాటలూ రాజేశ్వరరావు స్వరాలూ ఆ గొంతును దృష్టిలో పెట్టుకునే పుట్టాయని ఎవరూ చెప్పకుండానే వినిపిస్తుంది.